భూపతి సేఠ్ తెప్పించిన భూకంపం

ఆదివారం భూకంపం వస్తుందని భూపతి సేఠ్ మంగళవారమే ప్రకటించాడు. పాపం, ఆ సంగతి భూమికి ఇంకా తెలియదు.

ప్రకటన చేసింది భివండీ పద్మనగర్‌లో తన చాల్ ముందు, ప్లాస్టిక్ కుర్చీ మీద నిలబడి. అది మూడంతస్తుల పాత బిల్డింగు. అంతస్తుకో పొడుగాటి వరండా, వరండా వెంట వరుసగా ఖోలీలనే ఒంటి గదులు, చివర అందరికీ కలిపి ఒక నల్లా. పక్కనే గోడను ఆనుకుని భూపతి కార్ఖానా. అందులో సాంచాలు రాత్రీ పగలూ కొట్టుకుంటూనే ఉంటాయి. మరమగ్గాన్ని ఇక్కడ సాంచా అంటారు. భూపతి తాత చేతి మగ్గం నేశాడు. తండ్రి సాంచాలు కొన్నాడు. భూపతి మాత్రం పొట్ట పెంచాడు.

"నాకేమన్న లాభమా చెప్పుర్రి? మీ పానాలు దక్కాలె, గంతే," అన్నాడు గుండె మీద చెయ్యేసుకుని. "ఊరి చివర టెంఘర్ల ఖోలీలు చూసిపెట్టిన. కొన్ని నెల్లు ఆడ ఉండుర్రి. చావీలు నా చేతుల పెట్టుర్రి. భూకంపం వచ్చిపోయినంక మీ ఖోలీలు మీకే."

చాల్‌లో చంటిపిల్లకు కూడా తెలుసు, తాళంచెవి చేతికిచ్చిన ఖోలీ తిరిగి రాదని. పాత కిరాయిదారులు గదుల్లో కూర్చున్నంత కాలం చట్టం ప్రకారం ఇంటి మాలక్ వాళ్లను కదిలించలేడు. వాళ్లంతట వాళ్లే గుమ్మం దాటితే మాత్రం ఎవరూ ఏమీ చెయ్యలేరు. భివండీ చుట్టూ గోదాములు పుట్టగొడుగుల్లా లేస్తున్నాయి. చాల్ పడిపోతే అక్కడ భూపతికీ ఒక గోదాము లేస్తుంది. గూండాలను పంపితే పోలీసు కేసవుతుంది. భూకంపాన్ని పంపితే ఎవరి మీద కేసు పెడతారు?

ఈ తెలివి భూపతిది కాదు. అంత తెలివి అతని దగ్గర ఎప్పుడూ లేదు. థానే నుంచి తెచ్చుకున్న రితేష్ అనేవాడిది.

రితేష్ తనను తాను భూకంప శాస్త్రవేత్తనని చెప్పుకున్నాడు. తెల్ల కోటు, నల్ల కళ్లద్దాలు, మెడలో ఫొటో ఉన్న బిళ్ల. ఏ శాస్త్రవేత్తా ఇంత కష్టపడి శాస్త్రవేత్తలా కనిపించడు. అతని చేతిలో ఒక గాజు పెట్టె ఉంది. లోపల సన్నటి తీగకు వేలాడే ఇనుప గుండు, గుండుకు సూది, సూది కింద కాగితం చుట్టిన డబ్బా. పెట్టెను చాల్ ముందు నేల మీద పెట్టగానే డబ్బా తిరిగింది, సూది గజగజా ఊగింది. కాగితం మీద గీతలు రంపం పళ్లలా పడ్డాయి.

"దేఖో! జమీన్ హిల్ రహీ హై!" అన్నాడు రితేష్.

"భూమి ఊగుతుందంట," అని భూపతి తెలుగులో చెప్పాడు, పుట్టినప్పటి నుంచీ బజారు హిందీలో బతుకుతున్న జనానికి.

జనం తమ పాదాల వైపు చూసుకున్నారు. నేల నిక్షేపంగా ఉంది. సూది మాత్రం ఊగుతోంది. వాళ్లు రెండడుగులు వెనక్కి వేశారు.

*

రెండో అంతస్తు చివరి గది వెంకవ్వది. పెళ్లై వచ్చిన నాటి నుంచి ఆమె ఈ గదిలోనే ఉంది. ఇక్కడే నూలు కండెలు చుట్టింది, బీడీలు చుట్టింది, భర్తను సాగనంపింది, కూతురు రోజాను చదివించింది. రోజా ఇప్పుడు స్కూల్లో ఆరో తరగతికి సైన్సు, భూగోళం చెబుతుంది. సాయంత్రాలు ఇదే గదిలో ట్యూషన్. గది పోతే ఇల్లు పోతుంది, ట్యూషన్ పోతుంది, తల్లీకూతుళ్లకు భివండీలో నిలబడే చోటు పోతుంది. రోజా భూపతిని చిన్నప్పటి నుంచీ అసహ్యించుకుంటోంది. అందుకు ప్రత్యేకంగా కారణం వెతుక్కోవాల్సిన అవసరం ఏనాడూ రాలేదు.

బుధవారం ట్యూషన్‌లో దీపాలి చెయ్యెత్తింది. "మ్యాడం, సండే హోమ్‌వర్క్ కర్నా పడేగా క్యా? భూకంప్ ఉంది కదా!"

"ఉండదు. హోమ్‌వర్క్ ఉంటది."

"మరి ఆ సార్ చెప్పిండు?"

"ఆ సార్‌ను రేపు పొద్దున చాయ్‌వాలా ఎన్ని చాయ్‌లు అమ్ముతడో చెప్పమను. అదే చాతకాదు. భూమి లోపల ఏమయితదో చెప్తడా?"

పిల్లలు నవ్వారు. రోజా బోర్డు మీద గుండ్రం గీసింది. పైన పలచటి పెంకు, దాని కింద మందపాటి వేడి రాతి పొర, నడిమధ్యన ఇనుప గుండె. మన కాళ్ల కింద ఉన్న నల్లరాయి ఒకప్పటి లావా అనీ, మహారాష్ట్రలో ఎక్కువ భాగం ఆ లావా గడ్డకట్టిన పరుపు మీదే కూర్చుందనీ చెప్పింది. పెంకు ముక్కలుగా ఉంటుంది, ముక్కలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఎక్కడో బిగుసుకుని బిగుసుకుని ఒక్కసారి జారితే, ఆ అదురు అలలుగా వస్తుంది. ముందు వేగంగా పరుగెత్తే అల, దాని వెనక మెల్లగా వచ్చి గట్టిగా కుదిపే అల. ఆ తర్వాత అన్నీ సద్దుమణుగుతాయి.

"పాల్ఘర్ దిక్కు అప్పుడప్పుడు చిన్నచిన్నవి వస్తనే ఉంటయ్. ఇక్కడ రావని నేను చెప్త లేను. ఏ దినం వస్తదో చెప్పేటోడు మాత్రం ఈ దునియాల పుట్టలే. చెప్పిండంటే వాడు దొంగ."

"మ్యాడం, మెషీన్ల సూది ఊగింది కదా. మేరే సామ్నే!"

రోజా స్టీలు గ్లాసులో నిండా నీళ్లు పోసి నేల మీద పెట్టింది. నీటి మీద సన్నటి వలయాలు పుట్టాయి, పోయాయి, మళ్లీ పుట్టాయి. గోడ అవతలి సాంచాల దెబ్బకు అవి ఒక్క క్షణం ఆగలేదు.

"ఏం కనపడ్తుంది?"

"నీళ్లు ఊగుతున్నయ్."

"ఇల్లు?"

"ఇల్లెందుకు ఊగుతది మ్యాడం? ఇల్లు సీదా ఉంది," అన్నారందరూ ముక్తకంఠంతో.

రోజాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే భయమేసింది. రితేష్ మోసమంతా ఇక్కడే ఉంది. ఈ పిల్లలకు తల్లి కడుపులో ఉన్నప్పుడే సాంచాల అదురు మొదలైంది. అది ఏనాడూ ఆగలేదు కాబట్టి వాళ్ల దృష్టిలో అది అదురే కాదు. కొత్తగా వచ్చినవాడు ఈ వరండాలో నిలబడితే అరికాళ్లు జివ్వుమంటాయి. ఇక్కడివాళ్లకు ఈ నేల రాయిలా స్థిరం. అందుకే సూది ఊగగానే కార్ఖానాను వదిలేసి పాతాళాన్ని అనుమానించారు. ప్రపంచంలో ఇంకెక్కడ పెట్టినా ఆ పెట్టెను చూసి జనం నవ్వేవాళ్లు. రితేష్ సరైన చోటికే తెచ్చాడు.

ఆ రాత్రి వంట దగ్గర తల్లికి ఇదంతా చెప్పింది. వెంకవ్వ రొట్టె తిప్పుతూ వింది.

"ఇల్లు ఊగితే నాకు తెల్వదా పిల్లా? ఇన్నేండ్ల సంది ఉంటున్న."

"ఇన్నేండ్ల సంది ఉంటున్నవ్ కాబట్టే తెల్వదు."

"పెద్ద చెప్పొచ్చినవ్. తిను."

చాల్ మొత్తం ఇదే తంతు. కింది అంతస్తు భీమ్‌రావు చాల్ కమిటీ అధ్యక్షుడు. కాగితం కనిపిస్తే సంతకం పెట్టడం అతని ఏకైక అర్హత. "సైన్స్ సే పంగా నై లేనా బిడ్డా," అని, సైన్సుతో పెట్టుకోవద్దని అతను సైన్సు టీచరుకు సలహా ఇచ్చాడు. పై అంతస్తు పెంటవ్వ అప్పటికే మూటలు కట్టింది. రోజా గదిగదికీ తిరిగి చెప్పింది. అందరూ తలలూపారు. ఆమె వెళ్లగానే మూటలు బిగించారు.

గురువారం సాయంత్రం అందరి ముందూ మళ్లీ పెట్టె పెట్టి, అక్కడికక్కడే చావీలు తీసుకుంటానని భూపతి కబురు పంపాడు.

*

మాటలతో పని కాదని రోజాకు అర్థమైంది. సూదిని ఆపి చూపించాలి. సూది ఆగాలంటే సాంచాలు ఆగాలి. భివండీలో సూర్యుణ్ణి ఆపమన్నా ఎవరైనా ఆలోచిస్తారేమో గాని, సాంచా ఆపమంటే కొడతారు.

గురువారం మధ్యాహ్నం ఆమె కార్ఖానాలోకి వెళ్లింది. దుమ్ము, నూనె వాసన, చెవులు పగిలే మోత. అంకుశం సాంచాల మధ్య సందులో అటూ ఇటూ నడుస్తూ తెగిన పోగులు కలుపుతున్నాడు. అతను వెంకవ్వకు తమ్ముడి వరస. ఉండేది మొదటి అంతస్తులో. రోజా అతని చెవి దగ్గర నోరు పెట్టి గొంతు చించుకుని చెప్పింది.

అంకుశం విని, దూరంగా నిలబడ్డ బిహారీ కార్మికుడి వైపు తిరిగి, చప్పుడు లేకుండా పెదవులు కదిపాడు. షెడ్డు అవతలి కొసలో ఆ బిహారీ పడిపడి నవ్వాడు. అక్కడి నుంచి పెదవులతోనే ఏదో బదులిచ్చాడు. ఈసారి అంకుశం నవ్వాడు.

"ఏమన్నవ్ మామా?"

"సదువుకున్న పిల్ల పిచ్చి పని మోసుకొచ్చిందన్న."

"వాడేమన్నడు?"

"నీకు తెల్వదా? గింత సదివినవ్, పెదవులు సదువరాదా?" అంకుశం ఆమె చెవిలో అరిచాడు. "ఈ మోతల గొంతు ఎందుకు పనికొస్తది? యూపీవోడైనా మనోడైనా ఈడ మూతి చూసే మాట్లాడుకోవాలె. మా ఇండ్లల్ల ఆడోళ్లకు గూడ అలవాటైంది. నువ్వొక్కదానివే స్కూలని తప్పిచ్చుకున్నవ్."

"అది తర్వాత నేర్చుకుంట. ముందు సాంచాలు ఆపుతవా?"

"సేఠ్ చూస్తే పనిలకెళ్లి తీసేస్తడు."

"ఖోలీ పోతే?"

అంకుశం పోగు కలపడం ఆపాడు. అతని గదిలో భార్య, ముగ్గురు పిల్లలు, తల్లి. టెంఘర్‌లో భూపతి చూసిపెట్టిన ఖోలీలు ఎవరూ చూడలేదు. అవి ఉన్నాయని కూడా ఎవరూ చూడలేదు.

"మేన్ స్విచ్ నా వెనుకనే ఉంది," అన్నాడు చివరికి. "కాలు జారి మీద పడ్డనని చెప్త. గల్లీలకెళ్లి చున్నీ ఊపు. కిటికీలకెళ్లి చూస్తుంట."

*

సాయంత్రం ఎండ ఇంకా గోడల మీదే ఉంది. చాల్ ముందు గల్లీలో పెట్టె సిద్ధమైంది. సామాను మోయడానికి రెండు టెంపోలు కూడా సిద్ధంగా ఉన్నాయి. జనం సగం గల్లీలో, సగం వరండాల్లో. భూపతి చేతిలో చావీలు తగిలించుకోవడానికి పెద్ద ఇనుప రింగు ఉంది. అప్పటికే అందులో భీమ్‌రావు చావీ వేలాడుతోంది. ఎవరూ అడగకముందే ఇచ్చేశాడు.

సూది ఊగింది. జనం మెడలు చాచారు. రితేష్ కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"సార్," అంది రోజా ముందుకొచ్చి, అందరికీ వినపడేలా. "ఇది కార్ఖానా అదురు. భూమిది కాదు. సాంచాలు ఆగితే సూది ఆగుతది. చూస్తరా?"

రితేష్ చిన్నపిల్లను చూసినట్టు చూసి నవ్వి, పోయి పిల్లలకు పాఠాలు చెప్పుకోమన్నాడు. "మేడం, ఆప్ బచ్చోం కో పఢాయియే."

రోజా చున్నీ ఎత్తి ఊపింది.

సాంచాలు ఆగాయి. ఒక్కటి కాదు, అన్నీ. మోత కత్తితో కోసినట్టు తెగింది. పెట్టెలో సూది రెండుసార్లు తడబడి నిలిచిపోయింది. కాగితం మీద తిన్నటి గీత సాగింది, స్కేలు పెట్టి గీసినట్టు.

"చూసిన్రా!" అని అరిచింది రోజా. ఆమె జీవితంలో ఇంత చక్కటి పాఠం ఎప్పుడూ చెప్పలేదు.

ఎవరూ చూడలేదు. ఒక్కరు కూడా పెట్టె వైపు చూడలేదు.

ఆమె ఒక్క విషయం మరిచిపోయింది. పద్మనగర్‌లో మోత ఎవరినీ భయపెట్టదు. భయపెట్టేది నిశ్శబ్దం. మోత మధ్య పసిపిల్లలు పడుకుంటారు, ముసలివాళ్లు కునుకు తీస్తారు. పనివేళలో మోత ఆగిందంటే మంటలు లేచినట్టు, లేకపోతే ఎవరి చెయ్యో సాంచా తిప్పే పట్టాలో పడినట్టు. చాల్ మొత్తం ఒక్క కేక పెట్టింది. వరండాల్లో జనం మెట్ల మీదికి దూకారు. పెంటవ్వ మూటతో సహా దొర్లుకుంటూ వచ్చింది. ఆడవాళ్లు మొగుళ్ల పేర్లు పిలుస్తూ కార్ఖానా తలుపు మీద పడ్డారు. ఎవరో పిల్లను వదిలేసి సిలిండర్ మోసుకొచ్చారు, మళ్లీ పిల్ల కోసం పరుగెత్తారు. భూపతి మూడు రోజులు బతిమాలి చెయ్యలేని పనిని రోజా ఒక్క చున్నీతో చేసింది. చాల్ ఖాళీ అయింది.

రితేష్ ముఖం ఒక్క క్షణం పాలిపోయింది. తర్వాత వాడికి తన అదృష్టం అర్థమైంది. చేతులెత్తి హిందీలో గావుకేక పెట్టాడు. భూపతి దాన్ని తెలుగులోకి దించాడు.

"చూసిన్రా! భూమి ఊపిరి బిగవట్టింది! పెద్ద భూకంపం ముంగట సూది గిట్లనే ఆగుతదంట! ఆదివారం దాక గూడ ఆగదంట!"

"సూది ఊగితే భూకంపం, ఆగితే పెద్ద భూకంపం!" రోజా అరిచింది. "మరి భూకంపం రాకపోతే సూది ఏం చెయ్యాలె సార్? పాట పాడాల్నా?"

ఎవరూ నవ్వలేదు. భయపడ్డవాళ్లకు లెక్క అడిగే ఓపిక ఉండదు. ఇంకో రెండు చావీలు రింగులోకి వెళ్లాయి. రోజా వాళ్ల ముఖాలు చూసింది. గొర్రెలు, అనుకుంది. నోటిదాకా వచ్చిన మాటను కష్టం మీద మింగింది.

జనాన్ని తోసుకుంటూ వెంకవ్వ వచ్చింది. నెత్తిన పిండి డబ్బా, చంకలో పరుపు చుట్ట. వెనక ఎవరో పుణ్యాత్ముడు ఆమె సిలిండర్‌ను దింపి గోడకు ఆనించాడు. వెంకవ్వ డబ్బా కింద పెట్టి నడుముకున్న చావీ తీసింది.

"అమ్మా, ఇయ్యకు!"

"జరుగు."

"వాడు దొంగ. ఇచ్చినవంటే ఖోలీ పాయె. మళ్ల రాదు."

"పోనీ."

"పోనీనా? నువ్వు గిన్నేండ్లు..."

"ఖోలీ పోతే ఇంకో ఖోలీ. ఇల్లు కూలి నువ్వు పోతే? నీ సైన్సు నాకు ఇంకో బిడ్డను తెచ్చిస్తదా? జరుగు అడ్డం."

వెంకవ్వ కూతుర్ని పక్కకు నెట్టి భూపతి వైపు నడిచింది. ఈ చాల్‌లో అందరికన్నా పాత కిరాయిదారు ఆమె. ఆమె చావీ పడితే మిగతావి వర్షంలా పడతాయని గల్లీలో అందరికీ తెలుసు. భూపతికి అందరికన్నా బాగా తెలుసు. రింగు విప్పి పట్టుకున్నాడు.

అయితే భూపతి ఎంతైనా భూపతి. కార్ఖానా ఆగి ఉన్న ప్రతి నిమిషం అతనికి కడుపులో మంట. చావీ అందేలోపే తల తిప్పి షెడ్డు వైపు అరిచాడు. "అరే, ఎవడు ఆపిండ్రా? సాంచాలు నడుపుర్రి! ఆదివారం దాక టైముంది!"

ఊపిరి బిగబట్టిన భూమి ఆదివారం దాకా ఆగదని అతనే ఇందాక చెప్పాడు. ఆ సంగతి అతనికీ గుర్తులేదు, జనానికీ గుర్తులేదు.

లోపల అంకుశం స్విచ్ ఎత్తాడు. సాంచాలు ఒకదాని వెనక ఒకటి అందుకున్నాయి. మోత గల్లీని ముంచేసింది. సూది మళ్లీ గజగజలాడింది.

రితేష్‌కు ఆ మోత కమ్మగా వినిపించింది. ఇప్పుడు అరవకపోతే పక్కనున్న మనిషి మాట కూడా ఎవరికీ వినపడదు. థానేలో పెరిగిన వాడికి మోత అంటే తలుపేసిన గది. వాడు నల్ల కళ్లద్దాలు నెత్తి మీదికి తోసి, భూపతి వైపు తిరిగి, నవ్వుతూ, తీరిగ్గా హిందీలో మాట్లాడాడు. దొంగతనం బాగా సాగుతున్నప్పుడు దొంగకు కబుర్లు చెప్పాలనిపిస్తుంది.

గల్లీలో ఉన్నవాళ్లందరి కళ్లూ వాడి మూతి మీదే ఉన్నాయి.

రోజాకు ఒక్క ముక్క వినపడలేదు. ఆమె చూసింది ముఖాలను. ముందు పెంటవ్వ నోరు తెరుచుకుంది. భీమ్‌రావు బొమ్మలా బిగుసుకున్నాడు. షెడ్డు కిటికీలో అంకుశం, పక్కన బిహారీ కార్మికుడు ఊచలు పట్టుకుని చూస్తున్నారు. గల్లీ ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్కొక్క ముఖం మారుతూ వచ్చింది. భయం పోయింది. దాని చోట ఇంకేదో వచ్చి కూర్చుంది.

భూపతి అప్పుడు గమనించాడు. అతను సాంచాల మధ్యే పుట్టాడు, అతనికి తెలుసు. ఎగిరి తన లావాటి అరచేతిని రితేష్ మూతి మీద వేశాడు. రితేష్ కళ్లు పెద్దవయ్యాయి. సేఠ్‌కు పిచ్చెక్కిందనుకున్నాడు, చేతిని తోసేసి ఇంకో వాక్యం కూడా పూర్తి చేశాడు.

వెంకవ్వ రెండడుగుల దూరంలో ఆగి ఉంది. చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. చావీని మళ్లీ నడుముకు దోపింది.

రోజా తల్లి దగ్గరికి పరుగెత్తి చెవిలో అరిచింది. "ఏమన్నడమ్మా?"

"నన్ను ముసల్ది అన్నడు."

"ఇంకా?"

"ఈ ముసల్ది చావీ ఇస్తే మిగిలినోళ్లు లైన్ కడ్తరన్నడు. ఈ గొర్రెలకు సూది ఊపి చూపిస్తే చాలన్నడు. గోదాము పని ఎప్పుడు షురూ అని అడిగిండు. టెంఘర్ల ఖోలీలు లేవు. ఆ టెంపోలు మనల్ని యాడ దింపుతయని వీడు అడిగితే, యాడనో తీయ్ అన్నడంట సేఠ్. అది గూడ వీడే చెప్పి నవ్విండు."

గొర్రెలు. కొద్ది నిమిషాల ముందు రోజా మింగిన మాటే అది.

జనం ముందుకు కదిలారు. ఎవరో షెడ్డులోంచి కర్ర తెచ్చారు. రితేష్ పెట్టెను పొట్టకు కరచుకుని టెంపో వెనక్కి జరిగాడు. డ్రైవరు లోపలి నుంచి తలుపు వేసుకున్నాడు. భీమ్‌రావు, ఇన్నాళ్లలో మొదటిసారి సంతకం కాని పని ఒకటి చేశాడు. భూపతి చేతిలోని రింగు లాక్కున్నాడు.

"కొట్టకుర్రి," అంది వెంకవ్వ. మోతలో ఆమె గొంతు ఎవరికీ వినపడలేదు. అందరూ ఆగారు. "కొడితే వీడు దవాఖానల పంటడు. సామాను ఎవరు మోస్తరు?"

ఆమె గోడకానించిన సిలిండర్ వైపు వేలు చూపింది. రితేష్ అర్థం కానట్టు చూశాడు. వెంకవ్వ వాడి ముఖానికి దగ్గరగా వచ్చి, ఇక్కడి బజారు హిందీలో, ఒక్కో మాట విడదీసి, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది. తర్వాత భూపతి వైపు తిరిగింది.

"మీ నోటితోని దింపిన్రు సేఠ్. ఇగ మీ నెత్తితోని ఎక్కియ్యుర్రి. రెండో అంతస్తు. పిండి పోసినవంటే ఊడ్సేది గూడ నువ్వే."

"వెంకవ్వక్కా, నన్ను గూడ వీడు మోసం చేసిండు," అన్నాడు భూపతి. "నేను సదువుకోలే, నాకేం తెలుసు సైన్సు..."

"డబ్బా ఎత్తు."

భూపతి డబ్బా ఎత్తాడు.

*

చాల్ సామానంతా పైకి చేరేసరికి షిఫ్టు మారింది. శాస్త్రవేత్త తెల్లకోటు మీద నూనె, పసుపు, ఎవరిదో పచ్చడి. మొదటి అంతస్తు తర్వాత వాడు డీలా పడ్డాడు. దీపాలి, ఇంకా నలుగురు పిల్లలు మెట్ల మీద నిలబడి "సార్, భూకంప్ కిత్నే బజే?" అని అడుగుతూనే ఉన్నారు.

రితేష్ నేల మీద వదిలేసిన పెట్టె దగ్గర రోజా కూర్చుంది. తల్లి పక్కనే చతికిలబడింది.

"మూడు దినాల సంది గొంతు చించుకున్న," అంది రోజా. "గ్లాసు పెట్టి చూపిచ్చిన, సూది ఆపి చూపిచ్చిన. ఒక్కరన్న నమ్మిన్రా? వాడు ముసల్ది అనంగనే నమ్మిన్రు."

"నువ్వు భూమి గురించి చెప్పినవ్," అంది వెంకవ్వ. "వాడు మా గురించి చెప్పిండు."

రోజాకు కోపం రావాలి. రాలేదు.

పెంటవ్వ ఇంకా పైకి వెళ్లలేదు. మూట పక్కన పెట్టి, వంగి పెట్టెలోకి తొంగి చూస్తోంది. సూది ఊగుతోంది, ఎప్పటిలాగే.

"ఏమే రోజా, వాడు దొంగోడే కదా. మరి ఇదెందుకు ఇంకా ఊగుతుంది?"

"చెప్పిన కదా పెద్దమ్మా. గుండు కదలదు, తీగకు వేలాడుతది. కింద కాగితం నేలతోని ఊగుతది, మనకు సూది ఊగినట్టు కనపడ్తది. నేల సాంచాలతోని ఊగుతది."

"అంటే మన ఇల్లు ఊగుతుందా?"

"ఊగుతది."

"ఎప్పుడు?"

"ఎప్పుడూ."

పెంటవ్వ లేచి చాల్ గోడ దగ్గరికి వెళ్లింది. అరచెయ్యి గోడకు ఆనించి, కళ్లు మూసుకుని చాలాసేపు నిలబడింది. ఆ చేతికి ఏదో దొరికినట్టుంది. చప్పున తీసేసి, చీరకు తుడుచుకుంది. తర్వాత మెట్ల పక్కన స్తంభం వైపు చూసింది. స్తంభానికి అడుగు నుంచి భుజాల ఎత్తు దాకా పగులు ఉంది. ఎప్పటి నుంచో ఉంది. దాని మీద ఎవరో పిల్లలు సుద్దతో వికెట్లు గీశారు.

"పడదా మరి?" అంది.

పెట్టె చుట్టూ ఉన్నవాళ్లందరూ రోజా వైపు తిరిగారు. మూడు రోజుల్లో మొదటిసారి ఆమె చెప్పేదాని కోసం ఆగారు. ఆమె అబద్ధం చెప్పదలచుకోలేదు.

"భూకంపంతోని అయితే ఎవరు చెప్పలేరు పెద్దమ్మా. ఈ మోతతోని అయితే చెప్పొచ్చు. గిట్లనే వదిలేస్తే పడ్తది. బాగు చేపిస్తే పడదు."

"ఎవలు చేపియ్యాలె?"

రెండో అంతస్తు వరండాలో భూపతి కనిపించాడు. ఖాళీ చేతులతో, చెమటతో, రెయిలింగు పట్టుకుని రొప్పుతున్నాడు. అతని గోదాము అతని కళ్ల ముందే మళ్లీ మూడంతస్తుల చాల్ అయిపోయింది. పైనుంచి కిందికి చూసి, ఇక పోవచ్చా అన్నట్టు చెయ్యి ఊపాడు.

రోజా స్తంభం పక్కకు వెళ్లి పగులు మీద వేలు పెట్టింది. సాంచాలు మోగుతున్నాయి. అరిచి లాభం లేదు. ఆమె తల పైకెత్తి, భూపతికి స్పష్టంగా కనపడేలా, చప్పుడు లేకుండా పెదవులు కదిపింది. మొదటిసారి కదా, వంకరటింకరగా వచ్చింది. వెంకవ్వ నవ్వింది. కిటికీలో అంకుశం కూడా నవ్వాడు.

భూపతికి మాత్రం పూర్తిగా అర్థమైంది. మొహం మాడ్చుకుని మెట్లు దిగడం మొదలుపెట్టాడు.